కోయ డోలుకు మైకు ఎక్కడ వ్రేలాడవలె?

పల్లెలో డోలు మ్రోగుతూ ఉండగా ఎదుట నిలిచి విన్నవారు, అదే డోలును రేడియోలో విన్నప్పుడు ఇది ఆ వాద్యమేనా అని సందేహపడడం కద్దు. పుల్ల దెబ్బ వినవస్తున్నది గాని, గుండెకు తగిలే ఆ గంభీర నాదం ఏమైనదని కొందరు శ్రోతలు అడుగుతారు. డోలు వినబడినది గాని, ఆడవారి పాటలో ఒక్క ముక్క తెలియలేదని మరికొందరు అంటారు. ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం వాద్యంలో లేదు, వాయించేవారిలోనూ లేదు. మైక్రోఫోను ఎటువంటిది, దానిని ఎక్కడ ఉంచినారు అన్నదానిలో ఉన్నది. ఖమ్మం దాటి భద్రాచలం అడవుల అంచులకు పోయి కోయల ఆటను ధ్వనిముద్రణ చేయవలసి వచ్చినప్పుడు మేము మొట్టమొదట ఆలోచించేది ఈ సంగతే. స్టూడియోలో అభ్యాసం చేత తేలిపోయే పని, అక్కడ ప్రతి పర్యాయం మొదటి నుంచి లెక్క కట్టుకోవలసిన పని అవుతుంది.

ముందుగా ఆ ఆటను గురించి కొంచెం చెప్పుకోవాలి. మనము కొమ్ము నృత్యమని పిలిచే దానిని కోయలు పెర్మకోక్ ఆట అంటారు. పురుషులు అడవిదున్న కొమ్ములు అమర్చి, నెమలి యీకలు కుచ్చిన తలపాగలు ధరిస్తారు. నిడుపాటి పెద్ద డోళ్ళను మెడ నుంచి వ్రేలాడదీసుకొని, వాయిస్తూనే అడుగు వేస్తారు. నడుమ నడుమ దున్నలు కుమ్ములాడుకొన్నట్లు ఒకరి మీదికి ఒకరు వంగుతారు. స్త్రీలు చేతులు కలుపుకొని, కాలి గజ్జెలు మ్రోగగా, రేల పాటలు పాడుతూ వలయంగా తిరుగుతారు. ఎగువన బస్తరులో మారియా గోండుల ఆట దీనికి దగ్గరి చుట్టమే. గ్రిగ్సన్ దొర 1938లో వెలువరించిన గ్రంథంలో దానిని వివరించినాడు. పాపికొండల కొండరెడ్లను గురించి హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రకటించిన పుస్తకానికి పేరే ‘అడవిదున్నల కొండల రెడ్లు’ అని. దున్న ఈ అడవి మనుష్యుల ఊహలో ఎంతటి చోటు ఆక్రమించుకొన్నదో ఊహించవచ్చును.

మైకు పెట్టవలసిన మాకు ఈ వర్ణనలో ముఖ్యమైన మాటలు రెండే: వలయం, కదలిక. మృదంగ విద్వాంసుడు స్టూడియోలో కూర్చున్న చోటు నుంచి జరగడు. మైకును ఆయనకు ఎదురుగా ఒక మూర దూరంలో పెట్టి, కుడి ముఖం ఎంత వినాలి, ఎడమ ముఖం ఎంత వినాలి అన్నది జానెడు అటో యిటో జరిపి తేల్చుకోవచ్చును. కోయ డోలు వాయించే మనిషి నడుస్తాడు, తిరుగుతాడు, వంగుతాడు. అతని డోలు రెండు ముఖాలలో ఏది ఏ నిమిషాన మనవైపు ఉంటుందో అతనికే తెలియదు.

ఆటస్థలం అంచున మనిషి ఎత్తు కర్రకు ఒక మైకు కట్టినామనుకొందాం. వలయం అడ్డుకొలత ఎనిమిది మీటర్లు. మైకుకు దగ్గరగా వచ్చిన డోలు ఒక మీటరు దూరంలో ఉంటే, ఎదుటి అంచున ఉన్న డోలు తొమ్మిది మీటర్ల దూరంలో ఉంటుంది. ఆరుబయట దూరం రెట్టింపు అయినప్పుడల్లా ధ్వని ఆరు డెసిబెల్లు తగ్గుతుంది; ఆ లెక్కన ఒకటికీ తొమ్మిదికీ తేడా పందొమ్మిది డెసిబెల్లు. అనగా దగ్గరి డోలు ఉరిమినట్లు, దూరపు డోలు ప్రక్క ఊరిలో మ్రోగుతున్నట్లు వినబడుతుంది. వలయం తిరుగుతూ ఉంటే ఒక్కొక్కరుగా ముందుకు వచ్చి పెద్దగా మ్రోగించి వెనుకకు పోతున్నట్లు, సంతలో రంగులరాట్నం ప్రక్కన నిలిచినట్లు తోస్తుంది. ఆడేవారు మాత్రం అట్లా ఆడడం లేదు. అందరిదీ ఒకటే దెబ్బ.

అదే మైకును వలయానికి నట్టనడుమ, నేల నుంచి మూడున్నర మీటర్ల ఎత్తున వ్రేలాడదీయండి. డోళ్ళు నేలకు మీటరు ఎత్తున ఉంటాయి గనుక వాటికంటె మైకు రెండున్నర మీటర్లు పైన ఉన్నట్లు. వలయంలో ఎక్కడ ఉన్న డోలుకైనా మైకుకైనా దూరం ఇంచుమించు 4.7 మీటర్లే. అందరూ సమానమే. ఎవరు ఎటు తిరిగినా ఒక డోలు పుల్ల ముఖం, మరొక డోలు చేతి ముఖం వినబడుతూ, మొత్తం మీద ఊరివారు వినే మేళవింపు దొరుకుతుంది. ఎత్తున మైకు పెట్టడానికి మొదటి కారణం ఇది. గొప్ప యంత్రరహస్యం ఏమీ లేదు.

ఇక ఏ మైకు అన్నది. డైనమిక్ మైకులో పలుచని పొరకు తీగచుట్ట అంటుకొని ఉంటుంది. ధ్వని పొరను కదిపితే చుట్ట అయస్కాంతం నడుమ కదిలి విద్యుత్తు పుడుతుంది. ఇది మొరటు సాధనం. క్రింద పడినా, దుమ్ము పట్టినా ఓర్చుకొంటుంది, బయటి నుంచి విద్యుత్తు అడగదు. సభలలో ఉపన్యాసకుల నోటి ముందు కనిపించేది చాలవరకు ఇదే. కాని చుట్ట బరువు వల్ల పుల్ల దెబ్బలోని వాడి మొద్దుబారుతుంది. నాలుగైదు మీటర్ల దూరాన దాని నుంచి వచ్చే విద్యుత్తు బహుస్వల్పం; ఆడవారి పాట వినేటంతగా దానిని పెంచితే బుస కూడ పెరుగుతుంది.

రిబ్బన్ మైకు మా వంటి పాత రేడియోవారికి ప్రియమైనది. రెండు అయస్కాంతాల నడుమ వెంట్రుక కంటె ఎన్నో రెట్లు పలుచనైన అల్యూమినియం రేకు వ్రేలాడుతూ ఉంటుంది. బి.బి.సి. వారు 1950 ప్రాంతాలలో రూపొందించిన 4038 అనే రిబ్బన్ మైకును పాశ్చాత్య స్టూడియోలలో డోళ్ళ మీద, తాళపు పళ్ళేల మీద వ్రేలాడదీయడం నేటికీ ఉన్నది. కరకుదనం లేని శబ్దమని దానికి పేరు. అయితే అడవిలో ఒక్క గాలివిసురు చాలు, ఆ రేకు సాగిపోవడానికి. మరొక చిక్కు కూడ ఉన్నది. అది ముందునుంచి, వెనుకనుంచి సమానంగా వింటుంది, ప్రక్కలనుంచి ఏమీ వినదు. దాని వినికిడి చిత్రం ఎనిమిది అంకెలాగ ఉంటుంది. క్రిందికి చూచేటట్లు వ్రేలాడదీస్తే ఆటవారు దానికి వాలుగా పడతారు. మేము చెప్పిన కొలతలలో వారి ధ్వని అయిదు డెసిబెల్లకు పైగా తగ్గుతుంది. వెనుక చెవి మాత్రం చెట్టుకొమ్మలలోని పక్షులకు పూర్తిగా అప్పజెప్పినట్లే.

మిగిలినది కండెన్సర్ మైకు. విద్యుత్తు నింపిన రెండు పలకలలో ఒకటి బహుపలుచని పొర. అది కదిలితే పలకల నడుమ ఎడం మారుతుంది, ఆ మార్పే సంకేతం. పొరకు బరువు మోయవలసిన పని లేదు గనుక పుల్ల దెబ్బ మొదటి క్షణం కూడ దానికి చిక్కుతుంది. నలభై యెనిమిది ఓల్టుల విద్యుత్తు దానికి తీగగుండానే అందించాలి. బ్యాటరీ మీద నడిచే నేటి చిన్న రికార్డర్లే ఆ పని చేస్తున్నవి. పెద్ద జనరేటరు చప్పుడును ఆటతోపాటు ముద్రించవలసిన దురవస్థ మనకు తప్పినది.

కండెన్సర్లలోనూ పెద్ద పొరవి, చిన్న పొరవి అని రెండు తెగలు. పెద్ద పొర అడ్డుకొలత ఇంచుమించు ఒక అంగుళం, చిన్నది దానిలో సగం. సినిమా చిత్రాలలో గాయకుల ముందు దర్జాగా నిలిచేది పెద్దది. చూపులకు అది గొప్ప గనుక గొప్ప సందర్భానికి అదే తగునని చాలమంది అనుకొంటారు. ఇక్కడ మేము ఒప్పుకోము. పెద్ద పొర ఎదురుగా వచ్చిన ధ్వనిని వినే తీరు వేరు, ప్రక్కగా వచ్చినదానిని వినే తీరు వేరు. ప్రక్క ధ్వనిలో పై స్వరాలు తరుగుతాయి, రంగు మారుతుంది. ఆటస్థలం మీద వ్రేలాడే మైకుకు ఎదురుగా ఏమున్నది? వలయం నడుమనున్న ఖాళీ నేల. డోళ్ళు, గజ్జెలు, పాట, అన్నీ దానికి అరవై డిగ్రీలకు అటూ యిటూగా ప్రక్కవాటుననే ఉన్నవి. కాబట్టి ఎదుటి ధ్వనిని ఎంత బాగా వింటుందన్న దానిని బట్టి గాక, ప్రక్క ధ్వనిని ఎంత నిజాయితీగా వింటుందన్న దానిని బట్టి మైకును ఎన్నుకోవాలి. అందులో చిన్న పొరదే పైచేయి. బరువు సంగతి కూడ ఉన్నది: చిన్నది నూరు గ్రాములకు కొంచెం అటో యిటో, పెద్దది అరకిలో తూగుతుంది. మనుష్యుల తలల మీద త్రాటికి కట్టి వ్రేలాడదీసే వస్తువు విషయంలో ఇది చిన్న మాట కాదు.

హృదయాకారపు వినికిడి గల చిన్న కండెన్సరును క్రిందికి చూచేటట్లు కడితే, ఆ వాలులో ఆటవారి ధ్వని రెండు డెసిబెల్లకు కొంచెం మించి తగ్గుతుంది, అంతే. పైనున్న కాకులు, కీచురాళ్ళు మాత్రం దాని వీపున పడి బాగా అణగిపోతాయి. అన్నివైపులా సమానంగా వినే గుండ్రని వినికిడి గలదైతే డోలు అడుగు నాదం మరింత నిండుగా వస్తుంది. కాని దానితో అడవి అంతా వస్తుంది. గాలి లేని వేసవి రాత్రి, ఊరు ఆటలోనే మునిగి ఉన్నప్పుడు, మేము రెండవదానికే మొగ్గుతాము.

ఇంతవరకు ఒక మైకు మాట. రెండు చెవులకు రెండు మైకులు కావాలని నేటి అభిరుచి. పాశ్చాత్యుల డ్రమ్ముల మేళానికి ఎత్తున రెండు మైకులు పెట్టడం పరిపాటి. అక్కడ ఒక మనిషి చుట్టూ డోళ్ళు, తాళపు పళ్ళేలు కదలకుండ ఉంటాయి. ఇంగ్లండులో గ్లిన్ జాన్స్ అనే ధ్వనిముద్రకుడు 1960ల చివర రాక్ బృందాలకు అనుసరించిన పద్ధతి ప్రసిద్ధం. ఒక మైకు డోళ్ళపైన, మరొకటి వాయించేవాని కుడిప్రక్కన. రెండూ నడుమనున్న స్నేర్ డ్రమ్ముకు సరిసమాన దూరంలో ఉండాలి. ఆ దూరాన్ని అందాజుగా గాక కొలిచి చూచుకొంటారు. ఒక దారం ఉంటే చాలు. ఎందుకింత పట్టుదల?

ధ్వని మిల్లీసెకనుకు ముప్పదినాలుగు సెంటీమీటర్లు మాత్రమే ప్రయాణం చేస్తుంది. ఒకే దెబ్బ రెండు మైకులకు వేరువేరు క్షణాలలో చేరి, ఆ రెండింటినీ ఒకటిగా కలిపినప్పుడు, కొన్ని స్వరాలలో ఒక తరంగం మిట్ట మరొక తరంగం పల్లంలో పడి చెల్లిపోతుంది. మా వలయం మీద రెండు మైకులను మూడు మీటర్ల ఎడంగా వ్రేలాడదీసినారనుకోండి. ఒకదాని క్రింద నిలిచిన డోలుకు రెండవది 1.4 మీటర్లు ఎక్కువ దూరం. ఆ ఎడానికి మొదట దెబ్బతినేది సెకనుకు నూట ఇరవై కంపనాల ప్రాంతం. పెద్ద డోలు గుమ్మనేది ఇంచుమించు ఆ ప్రాంతంలోనే! మనిషి అడుగు వేసినకొద్దీ ఆ లోటు ఒక స్వరం నుంచి మరొక స్వరానికి ప్రాకుతుంది. శబ్దం ఈలవేసినట్లు వంకరలు పోతుంది.

చెవులకు గొట్టాలు తగిలించుకొని రెండు వాహినులుగా వినేవానికి ఈ లోపం పట్టుబడదు. పైగా ఆటస్థలం విశాలంగా పరచుకొన్నట్లు తోచి ముచ్చట గొలుపుతుంది. కాని మన యిండ్లలో రేడియోకు ఉన్న నోరు సాధారణంగా ఒక్కటే. ఆ రెండూ అందులో కలిసే తీరాలి. అందుచేత ఎడంగా పెట్టిన జంట మైకులను మేము ఈ పనికి మెచ్చము. రెండు చిన్న కండెన్సర్ల మూతులను ఒకదాని మీద ఒకటి చేర్చి, ఒకటి వలయంలో ఈ సగాన్ని, మరొకటి ఆ సగాన్ని చూచేటట్లు తొంబది డిగ్రీల కోణంలో ఒకే చోట వ్రేలాడదీయాలి. దెబ్బ రెండింటికీ ఒకే క్షణాన చేరుతుంది, కలిపినా చెడదు. జంట ధ్వనికి ఇంగ్లండులో 1931లోనే పేటెంటు కోరిన బ్లూమ్‌లైన్ చెప్పినది కూడ మైకులను ఒకే చోట చేర్చే మార్గమే. ఫ్రెంచి రేడియోవారు 1960 ప్రాంతంలో పదిహేడు సెంటీమీటర్ల ఎడంతో మరొక కొలత స్థిరపరచినారు. ఆ స్వల్పమైన ఎడం గంభీర నాదానికి హాని చేయదు గనుక, భద్రపరచడానికి మాత్రమే చేసే ముద్రణలో అది చక్కని రాజీ.

మరి ప్రతి డోలుకూ ఒక బుల్లి మైకు అంటించి, తరువాత తీరికగా కలుపుకోవచ్చును గదా అని యువకులు అంటారు. కలుపుకోవచ్చును. కాని తోలుకు జానెడు దూరాన ఉన్న మైకు వినేది తోలు శబ్దాన్నే. డోలు శబ్దం కొన్ని మీటర్లు గాలిలో నడిచిన తరువాత గాని డోలు శబ్దం కాదు. రెండు ముఖాలకూ చెరొకటి పెడితే ఇంకొక వింత. పుల్ల తగిలిన తోలు లోపలికి పోయినప్పుడు ఎదుటి తోలు బయటికి ఉబ్బుతుంది. ఒక మైకు లాగుడును, మరొకటి నెట్టుడును నమోదు చేస్తాయి. ఒకదానిని తలక్రిందులు చేయకుండ కలిపితే డోలు తన్ను తానే మ్రింగుకొంటుంది. ఇవన్నీ సరిదిద్దవచ్చును గాని, ఆటలో ఎవరూ ఎన్నడూ వినని శబ్దాన్ని సరిదిద్దుకోవడానికి అంత శ్రమ ఎందుకు?

పాట విషయంలో మాత్రం చిక్కు నిజమైనదే. డోళ్ళు మ్రోగుతూ ఉండగా స్త్రీల కంఠాలు క్రిందికి పోతాయి. అక్కడ మూడవ మైకు తెరవడం కంటె, వ్రేలాడే చోటును స్త్రీల వరుస వైపు ఒక మీటరు జరపడం మేలని మా అభిప్రాయం. త్రాటి మీద కప్పీ ఉంటే క్రిందనుంచే జరపవచ్చును. చాలనప్పుడు ఆటకు ముందో వెనుకో, డోళ్ళు లేకుండ, అదే పాటను పాడించి వేరుగా భద్రపరచుకోవాలి. కోయ పలుకు గోండీకి దగ్గరిది, తెలుగు కాదు. ముద్రణలో ఒక మాట పోతే ఊహించి పూరించడం తెలుగువారమైన మనవల్ల అయ్యే పని కాదు.

అడవి తన షరతులు తాను విధిస్తుంది. రెండు చెట్ల నడుమ త్రాడు కట్టి మైకు వ్రేలాడదీస్తే కొమ్మల ఊపు త్రాటి వెంబడి వస్తుంది. రబ్బరు ఊయెలలో పెడితే తప్ప ఆగదు. గాలికి బొచ్చు తొడుగు తప్పనిసరి. గాలి రొదను కోసివేసే మీట మైకులోనే ఉన్నది గదా అని దానిని నొక్కితే, గాలితోపాటు డోలు అడుగు నాదమూ పోతుంది. వానాకాలపు చెమ్మలో కండెన్సరు చిటపటలాడుతుంది. చెమ్మకు లొంగని, అధిక పౌనఃపున్య విద్యుత్తుతో పనిచేసే కండెన్సర్లు దొరుకుతున్నవి. స్తోమత ఉంటే వానిని మించినవి లేవు. లేకుంటే ఆట మొదలయ్యేవరకు మైకును చెమ్మ పీల్చే గుళికలతో కూడిన డబ్బాలో ఉంచడమే ఉపాయం. తోలుకూ చెమ్మకూ ఉన్న వైరం వాయించేవారికి మనకంటె బాగా తెలుసు. డోలును ఎండకో సెగకో బిగించుకొన్న తరువాతనే వారు పనిలోకి దిగుతారు. మట్టం సరిచూచుకోవడం ఆ తరువాతనే జరగాలి. అన్నిటికంటె ముందు ఊరి పెద్దల అనుమతి. త్రాడు ఏ చెట్టుకు కట్టరాదో వారు చెబుతారు.

ఇంత ఆరాటం ఎందుకో కూడ చెప్పాలి. డోలు మీద కోయల వంశ చరిత్రలు, సమ్మక్క సారలమ్మల కథ గానం చేసిన సకిని రామచంద్రయ్యగారు మణుగూరు మండలం కూనవరం వాసి. 2022లో పద్మశ్రీ పొందినారు, 2024లో కీర్తిశేషులైనారు. ఆ కథలు ప్రధానంగా కంఠంలో నిలిచినవే. అటువంటి కంఠం పోయిన తరువాత ముద్రణలో ఏమి దక్కినదో అదే మిగులుతుంది. పోయేది మనుష్యులు మాత్రమే కాదు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరిన కూనవరం, వర రామచంద్రాపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలలో శబరి, గోదావరుల వెంబడి ఉన్న పల్లెలు అనేకం పోలవరం ముంపులోనివి. అక్కడి కోయలు, కొండరెడ్లు పునరావాస కాలనీలకు తరలిపోతున్నారు. ఆట వెంట పోవచ్చును, డోలు వెంట పోవచ్చును. చింతచెట్టు క్రింది మట్టినేల వెంట పోదు. సిమెంటు గోడల నడుమ అదే దెబ్బ మారుమ్రోగి మరొక శబ్దమవుతుంది. తోలుకు అంటించిన మైకుకు ఈ తేడా తెలియదు. ఎత్తున వ్రేలాడిన మైకుకు తెలుస్తుంది. మట్టిమీద పాదం పడిన చప్పుడు, ప్రక్కన పిల్లల కేకలు, వలయం అవతల చీకటి దూరం, ఇవన్నీ అందులోకే వస్తాయి.

అందుచేతనే ముద్రణకు ముందు ఊరి పేరు, తేదీ, సందర్భం, వలయం అడ్డుకొలత, మైకు ఎత్తు, దాని రకం నోటితో చెప్పి నమోదు చేయడం మా అలవాటు. పాటగత్తెల పేర్లు వారి నోటనే చెప్పిస్తాము.

ఇక శ్రోతల యింటి సంగతి. మధ్యమ తరంగాలలో పొరుగు కేంద్రాలకు నడుమ ఎడం తొమ్మిది కిలోహెర్ట్జులే గనుక, సాధారణంగా సెట్లలో నాలుగున్నర వేల కంపనాలకు పైబడిన స్వరాలు రావు. గజ్జెల తళుకు అంతా ఆ పైననే ఉన్నది. ఎఫ్.ఎం.లో పదిహేను వేల వరకు వస్తుంది. కొమ్ము ఆట ప్రసారమైనప్పుడు ఎఫ్.ఎం. అందే చోట దానినే పట్టండి. డోలు అడుగు నాదానికి అడ్డు మాత్రం తరంగం కాదు, సెట్టులోని అరచేతి వెడల్పు స్పీకరు. నూట యాభైకి దిగువ స్వరాలను అది పలకలేదు. గది మూలన, రెండు గోడలకూ జానెడు ఎడంలో, గట్టి బల్లమీద సెట్టు పెడితే కొంత నిండుదనం వస్తుంది. పెద్ద స్పీకరు గల పాత చెక్కపెట్టె రేడియో యింట్లో ఉంటే ఆ పూటకు దుమ్ము దులపండి.